మా దగ్గర పనిచేస్తోందండీ

ఇరవై ఏళ్లుగా ప్రోగ్రాములు రాసే పనిలో ఉన్నాను. ఇన్నేళ్లలో ఫోన్లో ఎక్కువసార్లు విన్న మాట ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను: "మా దగ్గర పనిచేస్తోందండీ."

అన్నవాళ్లు అబద్ధమాడరు. వాళ్ల దగ్గర నిజంగానే పనిచేస్తూ ఉంటుంది. సర్వీసు అంటే వేరే ప్రోగ్రాములు నెట్‌వర్క్ మీదుగా పిలిచి వాడుకునే ప్రోగ్రాము. దాన్ని జావా భాషలో రాశారు. దాన్ని పిలిచి చూసే టెస్టు ప్రోగ్రామూ జావాలోనే రాశారు. రెండింటికీ ఒకే లైబ్రరీ, ఒకే మెషీను, చాలాసార్లు ఒకే మనిషి. ఇంట్లోవాళ్లం ఇంట్లో మాట్లాడుకుంటే సగం మాట మింగేసినా అర్థమైపోతుంది. పొరుగూరివాళ్లకి అర్థమైందా అన్నదే అసలు ప్రశ్న.

నేను ఇక్కడ వాదించబోయేది ఒక్క విషయం. వెబ్ సర్వీసు రాసినవాళ్లు దాన్ని వేరే భాషలోంచి, వేరే మెషీన్ మీది నుంచి, స్వయంగా పిలిచి చూసేదాకా అది పూర్తయినట్టు లెక్కపెట్టకూడదు. టెస్టింగ్ టీమ్ చూడటం వేరు, వాడుకునేవాళ్లు చూసి చెప్పడం వేరు. రాసిన చేతులే ఆ పని చేయాలి. ఇది ఉంటే బాగుండే అదనపు పని కాదు, సర్వీసు రాయడంలో భాగమే అని నా నమ్మకం. దాని వెనక కొన్ని పాడైపోయిన వారాలున్నాయి.

2008లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సీ షార్ప్ భాషలో కోడ్ రాసేవాణ్ణి. ఒక టోకు వ్యాపారి బిల్లింగ్ ప్రోగ్రాము మాది. అందులోంచి ఆర్డర్లు ఒక పంపిణీదారు జావా సర్వీసుకు వెళ్లాలి. ఆ రోజుల పద్ధతి ప్రకారం సోప్, అంటే ప్రోగ్రాముల మధ్య సందేశాలను ఎక్స్‌ఎంఎల్ అనే ట్యాగుల రూపంలో పంపే ప్రమాణం. సర్వీసును ఎలా పిలవాలో వివరించే డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలు చిరునామా వాళ్లు ఇచ్చారు. మేం కోడ్ రాసుకునే విజువల్ స్టూడియోలో 'యాడ్ వెబ్ రిఫరెన్స్' నొక్కితే రెండు నిమిషాల్లో క్లాసులన్నీ తయారయ్యాయి. ఆర్డరు వెళ్లింది, నంబరు తిరిగొచ్చింది. అందరం సంతోషించాం. నెలాఖరున లెక్కలు చూసుకుంటే ఏ ఒక్క ఆర్డరుకూ డిస్కౌంట్ పడలేదు.

మా కోడ్‌లో డిస్కౌంట్ ఫీల్డులో 500 పెట్టాం. డీబగ్గర్‌లో 500 కనబడుతోంది. వాళ్ల లాగ్‌లో సున్నా. "మీరు పంపట్లేదండీ" అని వాళ్లు, "పంపుతున్నామండీ, చూడండి" అని మేము. పదకొండు రోజులు ఇదే మాట. చివరికి ఫిడ్లర్ అనే టూల్ పెట్టి తీగ మీద వెళ్తున్న ఎక్స్‌ఎంఎల్‌ని ఉన్నదున్నట్టు పట్టుకుని చూశాను. అందులో డిస్కౌంట్ ట్యాగే లేదు. ఖాళీగా ఉండటం, సున్నా ఉండటం కూడా కాదు. అసలు లేదు.

కారణం ఇది. డబ్ల్యూఎస్‌డీఎల్‌లో ఆ ఫీల్డు ఉండొచ్చు, ఉండకపోవచ్చు అని రాశారు. సీ షార్ప్‌లో మామూలు ఇంటీజర్‌కు 'లేదు' అని చెప్పుకునే వీలు లేదు. ఏదో ఒక అంకె ఉండి తీరాలి. అందుకని ఆ టూల్ ప్రతి అలాంటి ఫీల్డు పక్కన, దాని పేరుకే 'స్పెసిఫైడ్' అని తోక తగిలించి నిజం-అబద్ధం చెప్పే ఒక బూలియన్ ఫీల్డు పెడుతుంది. దాన్ని నిజం అని పెడితేనే విలువ బయటికి వెళ్తుంది. పెట్టకపోతే ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఫీల్డు నిశ్శబ్దంగా రాలిపోతుంది. జావా వైపు అది నల్‌గా, అంటే విలువే లేదన్న గుర్తుగా, చేరింది. వాళ్ల ప్రోగ్రామర్ నల్ వస్తే సున్నా అనుకోమని రాసుకున్నాడు. ఎవరి లెక్క ప్రకారం వాళ్లు సరిగ్గానే చేశారు. డబ్బు మాత్రం పోయింది.

ఆ జావా ప్రోగ్రామర్ తన సర్వీసును ఒక్కసారి, ఒక్క పూట, సీ షార్ప్ నుంచి పిలిచి ఉంటే మొదటి రోజే బయటపడేది. ఆయన మీద నాకు కోపం లేదు. అది ఆయన పని అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మాకూ ఎవరూ చెప్పలేదు. సోప్ వాడుతున్నాం కాబట్టి భాషల తేడా మాయమైపోయిందని అందరం నమ్మాం.

ఆ నమ్మకం ఎక్కడిదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. సోప్ పుట్టిందే భాషల మధ్య గోడలు కూల్చడానికి. అంతకుముందు ఈ పనికి కోర్బా, డీకామ్, జావా ఆర్‌ఎంఐ అనే పద్ధతులు ఉండేవి. డీకామ్ విండోస్ దాటి పోవడం కష్టం, ఆర్‌ఎంఐకి రెండు వైపులా జావా కావాలి, మధ్యలో ఫైర్‌వాల్ వస్తే అసలే తంటా. 1998లో డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్, మైక్రోసాఫ్ట్ వాళ్లతో కలిసి చేసిన పనిలోంచి ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ వచ్చింది. మామూలు హెచ్‌టీటీపీ మీద మామూలు ఎక్స్‌ఎంఎల్ పంపిస్తే ఏ భాషవాళ్లయినా చదువుకోవచ్చన్నది దాని వెనకున్న ఆలోచన. సోప్ దాని తోబుట్టువు. 2000 మే నెలలో సోప్ 1.1, 2001 మార్చిలో డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దగ్గర పత్రాలుగా వెలువడ్డాయి. 2002లో మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ వేదిక వచ్చేసరికి నాలుగు క్లిక్కులతో సర్వీసు, నాలుగు క్లిక్కులతో దాన్ని పిలిచే క్లయింటు అన్న పరిస్థితి. నాలాంటి కుర్రాళ్లకు అది మంత్రంలా ఉండేది.

కానీ ఆ తొలి రోజుల్లో సోప్ లైబ్రరీలు రాసినవాళ్లకు నిజం తెలుసు. 2001 ప్రాంతంలో సోప్‌బిల్డర్స్ అనే పేరుతో వాళ్లంతా ఒకచోట చేరారు. పెర్ల్ లైబ్రరీ రాసినవాళ్లు, జావా వాళ్లు, డాట్‌నెట్ వాళ్లు, ఇంకా ఎందరో. ఒక్కొక్కరు ఒక్కో సర్వీసు ఇంటర్నెట్‌లో పెట్టారు. పేర్లు ఎకోస్ట్రింగ్, ఎకోఇంటీజర్, ఎకోస్ట్రక్ట్. పంపినదాన్ని పంపినట్టు తిరిగివ్వడమే వాటి పని. నా క్లయింటుతో నీ సర్వీసు, నీ క్లయింటుతో నా సర్వీసు అని రౌండ్ల వారీగా ఒకరినొకరు పిలుచుకుని, ఎక్కడ తేడా వచ్చిందో పట్టికలు వేసుకున్నారు. ఇంత చిన్న పని, పంపిన స్ట్రింగ్ తిరిగి రావడం, అన్ని జంటల్లో మొదటిసారే కుదరలేదు. ఈ కథ నాకెంతో ఇష్టం. ప్రమాణ పత్రం ఎంత జాగ్రత్తగా రాసినా, రెండు వేర్వేరు చేతులు దాన్ని అమలుచేసి ఎదురెదురుగా నిలబడినప్పుడే అందులోని సందులు కనబడతాయని వాళ్లకు అనుభవంతో తెలిసింది.

ఆ సందుల్లో పెద్దది, ఎక్స్‌ఎంఎల్‌లోకి డేటాని ఎలా మార్చాలన్నది. ఆర్‌పీసీ-ఎన్‌కోడెడ్ ఒక దారి, డాక్యుమెంట్-లిటరల్ ఇంకో దారి. కొన్ని టూల్స్ ఒకదాన్ని, కొన్ని రెండోదాన్ని మామూలు పద్ధతిగా ఎంచుకున్నాయి. ఈ గొడవ తీర్చడానికి 2002లో పెద్ద కంపెనీలు డబ్ల్యూఎస్-ఐ అనే సంఘం పెట్టుకుని, 2004లో బేసిక్ ప్రొఫైల్ 1.0 తెచ్చాయి. ప్రమాణంలో అనుమతించినవాటిలో ఏవి వాడకూడదో చెప్పే పత్రం అది. ఎన్‌కోడెడ్ దారిని మూసేసింది. కలిసి పనిచేయడం కోసమే పుట్టిన ప్రమాణానికి, కలిసి పనిచేయడం ఎలాగో చెప్పే మరో పత్రం అవసరమైంది. సోప్ అన్న పేరులో మొదటి అక్షరం 'సింపుల్' అన్న మాటకు గుర్తు. 2003లో వచ్చిన 1.2 కూర్పు నుంచి ఆ విస్తరణను వదిలేసి వట్టి పేరుగానే ఉంచారు.

తర్వాత కొన్నాళ్లకు నేను పీహెచ్‌పీ భాష వైపు వచ్చాను. ఒక జిల్లాలో రైతుల పొలాల వివరాలు చూపించే స్క్రీను చేయాలి. డేటా ఇంకొకరి సోప్ సర్వీసులోంచి వస్తుంది. పీహెచ్‌పీ 5లో సోప్ ఎక్స్‌టెన్షన్ అందులోనే ఉంది, పని తేలిక. మా దగ్గరున్న టెస్టు రైతులందరికీ మూడో నాలుగో సర్వే నంబర్లు. చక్కగా వచ్చాయి. ఊళ్లోకి వెళ్లాక ఒక పెద్దాయన వచ్చి తన పేరు మీద ఎకరం ముక్క ఒక్కటే ఉందని, స్క్రీను మీద నాలుగు ఖాళీ వరుసలు వస్తున్నాయని చెప్పారు. ఆయన కంగారు అంతా ఇంతా కాదు. పొలం పోయిందేమోనని.

ఎక్స్‌ఎంఎల్‌లో జాబితా అనేదానికి ప్రత్యేకమైన గుర్తేమీ ఉండదు. ఒకే ట్యాగు మూడుసార్లు వస్తే జాబితా. ఒక్కసారే వస్తే? అది ఒక్క వస్తువా, ఒకటే ఉన్న జాబితానా అన్నది చదివేవాళ్ల ఇష్టం. పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ ప్రత్యేకంగా చెప్పకపోతే దాన్ని ఒక్క వస్తువుగానే ఇస్తుంది. మా లూప్ ఆ వస్తువు లోపలి ఫీల్డుల మీద తిరిగింది. సర్వే నంబరు, విస్తీర్ణం, గ్రామం, ఖాతా నంబరు. నాలుగు ఫీల్డులు నాలుగు పొలాలయ్యాయి. సింగిల్ ఎలిమెంట్ అరేస్ అనే ఒక సెట్టింగు పెడితే సరిపోయింది. ఆ సెట్టింగు సంగతి సర్వీసువాళ్ల పత్రంలో ఒక్క వాక్యం ఉంటే చాలు. వాళ్లెప్పుడూ పీహెచ్‌పీ నుంచి పిలవలేదు కాబట్టి వాళ్లకు తెలియదు. తప్పు మాదే, ఒప్పుకుంటాను. ఒక్క పొలం ఉన్న రైతును మేమూ టెస్టు చేయలేదు. కానీ ఆ సర్వీసును మాలాగా పిలిచే ప్రతి బృందమూ అదే గోతిలో విడివిడిగా పడుతుంది. ఒకచోట అరపూట ఖర్చుపెడితే పోయేది, పది చోట్ల పది వారాలు తింటుంది. నా వాదనలో డబ్బు లెక్క ఏదైనా ఉందంటే ఇదే.

ఇక్కడికి చదివినవాళ్లు "ఇదంతా సోప్ గొడవ, ఎక్స్‌ఎంఎల్‌కు బదులు వాడే జేసన్ అనే తేలిక రూపం వచ్చాక తీరిపోయింది కదా" అనుకోవచ్చు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. జేసన్ వల్ల నిజంగా మేలు జరిగింది. జాబితాకు చదరపు బ్రాకెట్లు వచ్చాయి, కాబట్టి ఆ పెద్దాయన సమస్య పోయింది. కర్ల్ అనే చిన్న కమాండ్ ఉంటే చాలు, ఏ టూల్ లేకుండా సర్వీసును పిలిచి చూడొచ్చు. కానీ జేసన్‌లో ఉన్నవి స్ట్రింగ్, నంబరు, ఆబ్జెక్టు, అరే, నిజం-అబద్ధం, నల్. అంతే. తేదీ లేదు. డబ్బు లేదు. నంబరు ఎంత పెద్దదిగా ఉండొచ్చో హద్దు లేదు. లేనివన్నీ రెండు వైపులవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పూరించుకుంటారు.

నంబరు సంగతే చూడండి. జావాలో లాంగ్ అంటే 64 బిట్లు. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబరు డబుల్, అంటే దశాంశాలకూ వాడే రకం. 9007199254740991 దాకానే అది ప్రతి పూర్ణాంకాన్నీ తేడా లేకుండా పట్టుకోగలదు. బ్రౌజర్‌లో 9007199254740993 ఉన్న జేసన్‌ను చదివించండి, చివరి 3 కాస్తా 2 అవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. 2010లో ట్విట్టర్ తన ట్వీట్ల ఐడీలను పెద్ద అంకెలకు మార్చినప్పుడు ఇదే ఎదురై, ఐడీతో పాటు అదే విలువను స్ట్రింగ్‌గా కూడా ఇంకో ఫీల్డులో పంపడం మొదలుపెట్టింది. అంత పెద్దవాళ్ల అనుభవం అందరి కళ్లెదుట ఉన్నా, ఆ తర్వాత చాలా ఏళ్లకు నేను చూసిన ఒక ఫీజుల సర్వీసు 18 అంకెల రసీదు నంబరును నంబరుగానే పంపింది. జావా క్లయింటుతో బ్రహ్మాండంగా ఉంది. బ్రౌజర్ స్క్రీను మీద చివరి అంకెలు మారిపోయి, వెంటవెంటనే కట్టిన ఇద్దరికి ఒకే రసీదు నంబరు అచ్చయింది. బ్యాంకు ఖాతా నంబర్ల సంగతీ ఇంతే. సున్నాతో మొదలయ్యే ఖాతాను నంబరుగా చూసిన మరుక్షణం ముందున్న సున్నా ఎగిరిపోతుంది. కూడికలు, తీసివేతలు చేయనిది ఏదైనా నంబరు కాదు, అది పేరు. స్ట్రింగ్‌గానే పంపాలి.

తేదీలు ఇంకా బాధ. మన దేశంలో వెబ్ పని చేసే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు లాగ్‌లో 18:30 అన్న సమయాన్ని చూసి నిట్టూర్చి ఉంటారు. 1990 జూన్ 1న పుట్టిన మనిషి పుట్టిన తేదీని బ్రౌజర్‌లో తేదీ ఆబ్జెక్టుగా తయారుచేసి జేసన్‌గా మారిస్తే, అది 1990 మే 31, 18:30 అయి, చివర గ్రీన్‌విచ్ సమయమని చెప్పే జడ్ అక్షరంతో వెళ్తుంది. మన అర్ధరాత్రి గ్రీన్‌విచ్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర. అవతలి సర్వీసు టైము తీసేసి తేదీ మాత్రం దాచుకుంటే ఆ మనిషి ఒకరోజు ముందే పుట్టేస్తాడు. సర్వీసు, క్లయింటు రెండూ ఒకే లైబ్రరీ వాడితే వెళ్లేటప్పుడు తగ్గిన అయిదున్నర గంటలు వచ్చేటప్పుడు కలిసిపోతాయి, ఎవరికీ తెలియదు. వేరేవాళ్లు చదివినప్పుడే తేలుతుంది. పుట్టిన తేదీకి టైమ్‌జోన్ ఉండదు. దాన్ని సంవత్సరం-నెల-రోజు స్ట్రింగ్‌గా పంపాలని పత్రంలో ఒక్క గీత రాస్తే ఈ బాధ లేదు.

జీఎస్టీ ఈ-ఇన్వాయిస్‌లో బిల్లు తేదీ రోజు/నెల/సంవత్సరం రూపంలో, మధ్యలో స్లాష్‌లతో ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. అందులో సందేహం లేదు. అయినా సీ షార్ప్‌లో అదే రూపాన్ని రాసి పంపితే కొన్ని మెషీన్ల నుంచి స్లాష్‌లకు బదులు డ్యాష్‌లు వెళ్లాయి. సీ షార్ప్ ఫార్మాట్‌లో స్లాష్ అంటే స్లాష్ కాదు, 'ఈ మెషీన్ ప్రాంతానికి తగిన విభజన గుర్తు' అని అర్థం. విండోస్‌లో ప్రాంతాన్ని ఇండియా ఇంగ్లిష్‌గా పెట్టుకుంటే అది డ్యాష్. నా ల్యాప్‌టాప్ అమెరికా ఇంగ్లిష్‌లో ఉంది, అందుకే నా దగ్గర పనిచేసింది. ఆ రోజు ఫోన్లో ఆ మాట అన్నది నేనే.

ఇక తెలుగు. నా మనసుకు అన్నిటికంటే దగ్గరి విషయం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

వేంకటేశ్వరరావు అన్న పేరు తీసుకోండి. బడిలో పిల్లాణ్ణి అడిగితే వేం, క, టే, శ్వ, ర, రా, వు అని ఏడు అక్షరాలు లెక్కపెడతాడు. అన్ని లిపుల అక్షరాలకూ కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో అవి 14. అచ్చు గుర్తులు, సున్న, పొల్లు అన్నీ విడివిడి కోడ్‌లు. ఆ కోడ్‌లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, కాబట్టి 42 బైట్లు. ఈ పేరు పొడవెంత అని జావాను, పైథాన్ 3ను, జావాస్క్రిప్ట్‌ను అడిగితే 14 అంటాయి. పొడవు చెప్పే ఫంక్షన్లను, పీహెచ్‌పీలో స్టర్‌లెన్‌ను, గో భాషలో లెన్‌ను అడిగితే 42 అంటాయి. ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒకరు కోడ్‌లు లెక్కపెడుతున్నారు, ఒకరు బైట్లు లెక్కపెడుతున్నారు. మన పిల్లాడి ఏడు ఎవరికీ పట్టలేదు.

జావాలో రాసిన ఒక సర్వీసు పత్రంలో 'పేరు: గరిష్ఠంగా 30' అని ఉంది. 30 ఏమిటి? రాయలేదు. రాసినవాళ్ల దృష్టిలో అది జావా లెక్క, అందులో వేంకటేశ్వరరావు హాయిగా పడతారు. మా పీహెచ్‌పీ కోడ్ మర్యాదగా 30 దగ్గర కత్తిరించి పంపింది, బైట్ల లెక్కన. 30 బైట్లంటే సరిగ్గా 10 కోడ్‌లు. వేంకటేశ్వర. మనిషి పేరులోంచి రావు పోయింది. మిగిలింది కూడా ఒక నిండు పేరే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అదే పేరు మధ్యలో చుక్కతో కూడిన ఇంటిపేరు అక్షరమో, ఖాళీయో ఉంటే లెక్క తప్పి కోత ఒక కోడ్ మధ్యలో పడుతుంది. అప్పుడు మిగిలేది చెల్లని యూటీఎఫ్-8. దాన్ని పీహెచ్‌పీ జేసన్‌గా మార్చలేక 'ఫాల్స్' అని తిరిగిస్తుంది. అది చూసుకోకపోతే రిక్వెస్ట్ ఖాళీగా వెళ్తుంది. కొన్ని పేర్లు తెగిపోయి వెళ్తాయి, కొన్ని అసలు వెళ్లవు. ఏవి ఎందుకో పైకి చూస్తే తెలియదు.

ఇంగ్లిష్ పేర్లతో టెస్టు చేస్తే ఇవేవీ ఏనాటికీ బయటపడవు. ఆంధ్ర, తెలంగాణల్లో జనం కోసం రాసే సర్వీసులో కూడా టెస్టు డేటాలో 'టెస్ట్ యూజర్ 1' అని ఇంగ్లిష్‌లోనే పెట్టుకుంటాం. మన భాష మన సిస్టమ్‌లో చివరి రోజున, అసలు మనుషులతో పాటు, అడుగుపెడుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. ఇంతకాలం తర్వాత కూడా ఒక ఫీల్డు పొడవు ఏ కొలతలో చెబుతున్నామో రాయకపోవడానికి సాకు లేదు.

నా వాదనకు ఎదురయ్యే మాటలు కొన్నున్నాయి. వాటిలో బలమైనది, ఇప్పుడు సర్వీసు రూపాన్ని వివరించే కాంట్రాక్టు రాస్తే క్లయింటు కోడ్ దానంతటదే తయారవుతుంది కదా అన్నది. స్వాగర్‌గా మొదలై 2016 నుంచి ఓపెన్‌ఏపీఐ పేరుతో నడుస్తున్న పద్ధతి ఉంది, 2015లో గూగుల్ బయటపెట్టిన అలాంటిదే ఇంకో పద్ధతి జీఆర్‌పీసీ ఉంది. రెండూ నేను రోజూ వాడతాను. వద్దనను. కానీ 2008లో నాకు దెబ్బ తగిలింది కూడా కోడ్ తయారుచేసే టూల్ దగ్గరే. జీఆర్‌పీసీ కింద డేటాను మోసే ప్రోటోకాల్ బఫర్స్ అనే రూపం మూడో కూర్పులో మామూలు అంకెల ఫీల్డుకు సున్నా పెట్టడానికీ, ఏమీ పెట్టకపోవడానికీ తేడా ఉండేది కాదు. డిస్కౌంట్ సున్నా అన్నారా, డిస్కౌంట్ గురించి మాట్లాడలేదా అని అవతలివాళ్లకు తెలిసే దారి లేదు. ఆ తేడా చూపించే 'ఆప్షనల్' అనే మాటను 2021లో అందరికీ అందుబాటులోకి తిరిగి తెచ్చారు. నా పాత బాధే పదమూడేళ్ల తర్వాత కొత్త బట్టలతో ఎదురైంది. అన్నట్టు, అదే ప్రోటోకాల్ బఫర్స్ డేటాను జేసన్‌గా మార్చేటప్పుడు 64 బిట్ల అంకెలను స్ట్రింగ్‌లుగా రాయాలని నియమం పెట్టారు. జావాస్క్రిప్ట్ నుంచి పిలిచి చూసిన అనుభవం ఉన్నవాళ్లే అలాంటి నియమం రాయగలరు.

రెండో మాట, మాకంత తీరిక లేదన్నది. పిలిచేవాళ్ల భాష వాళ్ల తలనొప్పి, మనకెందుకు అని. ఇది నాకు మింగుడుపడదు. సాధారణంగా సర్వీసు రాసేది పెద్ద బృందం. పిలిచేది విజయవాడలోనో వరంగల్‌లోనో ఇద్దరు ముగ్గురు ఉండే ఆఫీసు. వాళ్లకు సర్వర్ లాగ్ కనబడదు. యూఏటీ సర్వర్‌కు, అంటే వాడకానికి ముందు పరీక్షించుకునే సర్వర్‌కు, తమ ఐపీ చిరునామాను అనుమతించమని అడిగి వారం ఎదురుచూస్తారు. చేతికి వచ్చింది పోస్ట్‌మన్ అనే టెస్టు టూల్ స్క్రీన్‌షాట్లు అతికించిన ఒక వర్డ్ ఫైలు, ఒక జావా శాంపిల్. చీకట్లో తడుముకునేవాళ్ల మీద బరువు పెట్టి, దీపం చేతిలో ఉన్నవాళ్లు చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఖర్చు కూడా అంత లేదు. నేను చేసేది చెబుతాను. సర్వీసు నడుస్తోంది అనుకున్న రోజున, అది రాసిన భాష కాకుండా ఇంకో రెండింటిని ఎంచుకుంటాను. ఒకటి పీహెచ్‌పీ లేదా జావాస్క్రిప్ట్ లాంటి, విలువల రకాలను అంతగా పట్టించుకోని వదులు భాష, ఒకటి సీ షార్ప్ లాంటి, పట్టించుకునే బిగువు భాష. మొదట కర్ల్‌తో పిలిచి, వచ్చిన బైట్లను ఏ లైబ్రరీ చేయీ పడకుండా కళ్లతో చూస్తాను. తర్వాత ఆ రెండు భాషల్లోంచీ ఖాళీ జాబితా, ఒక్కటే ఉన్న జాబితా, అసలు పంపని ఫీల్డు, సున్నా పంపిన ఫీల్డు, సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు, 18 అంకెల ఐడీ, అర్ధరాత్రి తేదీ, పైసలున్న మొత్తం, పొడవాటి తెలుగు పేరు పంపుతాను. ఇది ఒక పూట పని. అడ్డొచ్చిన ప్రతిదీ పత్రంలోకి ఒక వాక్యంగా ఎక్కుతుంది.

వీలైతే అది నా మెషీన్ మీద కాకుండా ఇంకో చోటి నుంచి చేస్తాను, ఎందుకంటే భాషతో పాటు పరిసరమూ మారుతుంది. 2021 సెప్టెంబరు 30న వెబ్‌సైట్లకు గుర్తింపు సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది. బ్రౌజర్‌లో తెరిస్తే అంతా బాగుంది. అదే చిరునామాను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా లైబ్రరీ 1.0.2 కూర్పు ఉన్న పాత సర్వర్ నుంచి పిలిస్తే ఒప్పుకోలేదు. జావా ఎవరిని నమ్మాలో తన జాబితా తానే మోసుకొస్తుంది, విండోస్‌లో డాట్‌నెట్ విండోస్‌ను అడుగుతుంది, పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీకి ఇంకో ప్యాకేజీ ఉంది. జవాబు కోసం ఎదురుచూపుల సంగతీ అంతే. మనం ఏమీ చెప్పకపోతే డాట్‌నెట్ హెచ్‌టీటీపీ క్లయింట్ 100 సెకన్లు ఆగి వదిలేస్తుంది. పైథాన్ రిక్వెస్ట్స్, గో మామూలు క్లయింట్ ఎంతసేపైనా ఆగుతాయి. నా సర్వీసు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఒకరు మళ్లీ పిలుస్తారు, ఒకరు అలాగే వేలాడతారు. డబ్బు కదిపే సర్వీసులో మళ్లీ పిలవడమంటే రెండోసారి డబ్బు కదలడం కావచ్చు. యూపీఐ దీన్ని మొదటి నుంచీ దృష్టిలో పెట్టుకుంది. రిక్వెస్ట్ అందగానే అందింది అని చిన్న జవాబు, అసలు ఫలితం తర్వాత వేరే సందేశంగా, రెండింటినీ కలిపేది పంపినవాళ్లే ఇచ్చిన లావాదేవీ ఐడీ. ఎన్నో బ్యాంకులు, ఎన్నో భాషల్లో రాసిన సిస్టమ్‌లు ఒకదాన్నొకటి నమ్మకుండానే కలిసి పనిచేయడానికి అలాంటి జాగ్రత్త కావాలి.

మొన్న మా బృందంలోకి కొత్తగా వచ్చిన అబ్బాయి గో భాషలో ఒక సర్వీసు రాశాడు. శుభ్రమైన కోడ్, మంచి టెస్టులు. అన్నీ గోలోనే. "పూర్తయిందన్నా" అన్నాడు. పీహెచ్‌పీ నుంచి ఒకసారి పిలిచి చూడు తమ్ముడూ అన్నాను. ఎందుకన్నట్టు చూశాడు గానీ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు పిలిచాడు. ఫలితాలేమీ లేనప్పుడు ఖాళీ జాబితాకు బదులు నల్ వెళ్తోంది. గోలో జాబితాను స్లైస్ అంటారు, ఏమీ వేయని స్లైస్‌ను జేసన్‌గా మారిస్తే నల్ అవుతుంది. గో క్లయింటు దాన్ని మళ్లీ ఖాళీ స్లైస్‌లాగే చదువుకుంటుంది కాబట్టి తన టెస్టుల్లో తేడా తెలియలేదు. పీహెచ్‌పీ లూప్ మాత్రం నల్ మీద తిరగలేనని గోల పెట్టింది. దిద్దుకున్నాడు.

తర్వాత టెస్టు డేటాలో పేరు పెట్టే చోట వేలు ఆపి, "మీ తాతగారి పేరేంటన్నా, పొడుగ్గా ఉంటుందన్నారు" అని అడిగాడు. చెప్పాను. తెలుగులోనే టైపు చేశాడు. సాయంత్రం నేను బయల్దేరుతుంటే, ప్రాంతాన్ని ఇండియా ఇంగ్లిష్‌గా పెట్టిన విండోస్ మెషీను ఆఫీసులో ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి అకౌంట్స్ వాళ్ల గది వైపు వెళ్తున్నాడు.